గుండెకు పగ్గం వేసే మాత్ర



అధిక రక్తపోటు ఒకప్పుడు పట్టణాలలోని సంపన్నుల వ్యాధిగా పేరుపొందినది. నేడు ఆ మాట చెల్లదు. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 సంవత్సరాలు దాటిన స్త్రీలలో సుమారు 21 శాతం మంది, పురుషులలో సుమారు 24 శాతం మంది హెచ్చు రక్తపోటు కలిగినవారు, లేదా దానికై మందులు వాడుతున్నవారు. సగటున చూస్తే నలుగురైదుగురు పెద్దలున్న ఇంటిలో ఒకరికి ఈ సమస్య ఉన్నదన్నమాట. అందుకే మన ఇళ్ళలో బీరువా మీదనో, మంచం తలవైపు గూటిలోనో ఒక చిన్న మందుల డబ్బా తప్పక కనిపిస్తుంది.

ఆ డబ్బా చుట్టూ కొన్ని మాటలు కూడా తరచుగా వినిపిస్తూ ఉంటాయి. "బీపీ నార్మల్‌కు వచ్చింది కదా, ఇక గోలీ ఎందుకు?" "మాత్రలు అయిపోయాయి, వచ్చే జీతానికి తెచ్చుకుందాం." "పెళ్ళికి ఊరు వెళ్తున్నాం, నాలుగు రోజులు వేసుకోకపోతే ఏమవుతుంది?" "రమజాన్ నెల కదా, పండుగ తరువాత మొదలుపెడతాను." ఏ బీపీ మందు విషయంలోనైనా ఈ మాటలు మంచివి కావు. అయితే చాలా మందుల విషయంలో ఆ నష్టం మెల్లగా వస్తుంది. ఒక కుటుంబానికి చెందిన మందుల విషయంలో అది కొద్ది రోజులలోనే, ఒక్కొక్కసారి ప్రాణాంతకంగా రావచ్చు. ఆ మందులనే బీటా బ్లాకర్లు అంటారు. ఈ నెల వాటిని గురించి తెలుసుకుందాం. ఇది వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కాదు. వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు సరియైన ప్రశ్న అడగడానికి కావలసిన అవగాహన మాత్రమే.

పేరును బట్టి గుర్తించండి

బీటా బ్లాకర్‌ను గుర్తించడం కష్టమేమీ కాదు. మందు అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది. దానికి సమీపంలోనే చిన్న అక్షరాలలో అసలు మందు పేరు ఉంటుంది. ఆ అసలు పేరు చివర "లాల్" అని ముగిస్తే అది దాదాపుగా ఈ కుటుంబానికి చెందినదే. అటెనొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్, ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్, లాబెటలాల్ అన్నీ ఈ వంశంవే. కొన్ని మాత్రలలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఉదాహరణకు అమ్లోడిపిన్‌తో అటెనొలాల్ కలిపిన మాత్రలు మన మందుల షాపులలో విరివిగా దొరుకుతాయి. కనుక అట్ట మీది అక్షరాలు పూర్తిగా చదవాలి. పెద్దవారికి చూపు ఆనకపోతే చదువుకున్న మనవడో, కోడలో చదివి చెప్పాలి.

శరీరంలో ఇది చేసే పని

మనిషికి భయం కలిగినా, కోపం వచ్చినా, పరుగెత్తవలసి వచ్చినా గుండె దడదడలాడుతుంది. మెదడు నుండి సహానుభూత నాడుల ద్వారా ఆజ్ఞ వెళుతుంది. మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఈ రసాయనాలు గుండె కండరానికి చేరి, అక్కడ ఉన్న బీటా గ్రాహకాలు అనే భాగాలకు అతుక్కుంటాయి. ఆ గ్రాహకం తాళంకప్ప అనుకుంటే అడ్రినలిన్ దాని తాళంచెవి. చెవి తిరగగానే గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది.

బీటా బ్లాకర్ మరొక తాళంచెవి వంటిది. కప్పలో దూరుతుంది గాని తాళం తీయదు. అది అక్కడ ఉన్నంతసేపు అసలు చెవికి చోటు దొరకదు. ఫలితంగా గుండె వేగం తగ్గుతుంది, ప్రతి స్పందనలోని బలం తగ్గుతుంది, నిమిషానికి గుండె బయటకు తోసే రక్తం పరిమాణం తగ్గుతుంది. మూత్రపిండాలలో కూడా ఈ గ్రాహకాలున్నాయి. అవి పని చేసినప్పుడు రెనిన్ అనే పదార్థం విడుదలై, దాని పర్యవసానంగా రక్తనాళాలు బిగుసుకుంటాయి, శరీరంలో ఉప్పు, నీరు నిలుస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెనిన్‌ను కూడా తగ్గిస్తుంది. ఈ విధంగా రెండు వైపుల నుండి రక్తపోటు దిగుతుంది. నాడి వేగం మొదటి రోజే తగ్గవచ్చు. రక్తపోటు మీద పూర్తి ప్రభావం కనిపించడానికి మాత్రం ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. కనుక "మూడు రోజులు వేసుకున్నాను, పని చేయలేదు" అని నిర్ణయానికి రావడం తొందరపాటు.

ఈ మందు వచ్చిన దారి

శరీరంలో అడ్రినలిన్‌కు స్పందించే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలుగా ఉన్నాయని 1948లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్ ప్రతిపాదించాడు. ఆ మాటను అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. దానిని పట్టించుకున్న వ్యక్తి స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్. తీవ్రమైన మానసిక ఒత్తిడి తరువాత గుండెపోటుతో తన తండ్రి మరణించడం ఆయన ఆలోచనను ఈ దిశకు మళ్ళించినది. అప్పటివరకు గుండెనొప్పికి వైద్యులు వెతుకుతున్న మార్గం గుండెకు మరింత రక్తాన్ని అందించడం. బ్లాక్ ప్రశ్నను తిరగవేశాడు. రక్తం సరఫరా పెంచలేకపోతే, గుండె చేసే శ్రమనే తగ్గించవచ్చును కదా అన్నాడు. ఆ ఆలోచన నుండి 1960ల నడుమ ప్రొప్రనొలాల్ వాడుకలోకి వచ్చినది. 1988లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

గమనించవలసిన విషయమేమిటంటే ఇది మొదట బీపీ మందు కాదు. గుండెనొప్పికి పుట్టినది. 1964లో లండన్‌లో బ్రయన్ ప్రిచర్డ్ అనే వైద్యుడు ప్రొప్రనొలాల్ వాడుతున్న రోగులలో రక్తపోటు కూడా తగ్గుతున్నదని తెలియజేశాడు. అలా ఇది రక్తపోటు చికిత్సలోనికి ప్రవేశించినది. 1981, 1982 సంవత్సరాలలో వెలువడిన పెద్ద పరిశోధనలు, గుండెపోటు వచ్చి బ్రతికినవారికి ఈ మందులు ఇస్తే తరువాతి మరణాలు తగ్గుతాయని నిరూపించాయి.

అందరికీ మొదటి మందు కాదు

ఒకప్పుడు బీపీ అనగానే చాలామంది వైద్యులు అటెనొలాల్ రాసేవారు. తరువాత పరిస్థితి మారినది. 2002లో లైఫ్ అనే పేరుతో వెలువడిన అధ్యయనంలో తొమ్మిది వేల మందికి పైగా రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి అటెనొలాల్, మరొక భాగానికి లోసార్టాన్ ఆధారంగా చికిత్స ఇచ్చారు. రెండు భాగాలలోనూ రక్తపోటు దాదాపు సమానంగా తగ్గినది. అయినా పక్షవాతం మాత్రం లోసార్టాన్ భాగంలో సుమారు 25 శాతం తక్కువగా వచ్చినది. అనగా యంత్రం మీద కనిపించే సంఖ్య దిగడం ఒక్కటే చికిత్స లక్ష్యం కాదు. మెదడును, గుండెను, మూత్రపిండాలను కాపాడడం అసలు లక్ష్యం.

ఆ తరువాత 2006లో బ్రిటన్ మార్గదర్శకాలు, మరే ఇతర జబ్బు లేని సాధారణ రక్తపోటుకు బీటా బ్లాకర్‌ను మొదటి మందుగా సూచించడం మానివేశాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మొదటి వరుసలో ఇతర మూడు తరగతుల మందులనే పేర్కొన్నది. ఐరోపా రక్తపోటు నిపుణుల సంఘం 2023లో బీటా బ్లాకర్‌ను తిరిగి ప్రధాన మందుల సరసన చేర్చినది. పండితుల మధ్య ఈ చర్చ సాగుతూనే ఉన్నది. అయితే కొన్ని విషయాలలో భేదాభిప్రాయం లేదు. రక్తపోటుతో పాటు గుండెనొప్పి ఉన్నవారికి, గుండె బలహీనపడినవారికి, కొన్ని రకాల లయ తప్పిన గుండెలకు ఈ మందుల అవసరం గట్టిది. గర్భిణీ స్త్రీలలో రక్తపోటు పెరిగినప్పుడు లాబెటలాల్‌ను వైద్యులు ఎన్నుకోవడం సర్వసాధారణం. అదే కుటుంబానికి చెందిన అటెనొలాల్‌ను గర్భకాలంలో సాధారణంగా ఇవ్వరు, శిశువు ఎదుగుదల తగ్గవచ్చునని. ఒకే వంశంలోని రెండు మందుల మధ్యనే ఇంత తేడా ఉన్నది.

కనుక "పొరుగింటి చాచాకు ఇదే మాత్ర బాగా పనిచేసినది" అని అడిగి తెచ్చుకోవడం సరి కాదు. "ఇది పాత మందట, వద్దట" అని ఎవరో అన్నారని మానివేయడం అంతకన్నా సరి కాదు. మీ వైద్యుడు దానిని రక్తపోటుకు రాశాడా, గుండెకు రాశాడా, చేతుల వణుకుకో, పార్శ్వపు తలనొప్పికో, థైరాయిడ్ వల్ల వచ్చిన దడకో రాశాడా? ఈ ప్రశ్నకు జవాబు తెలియనంతవరకు ఆ మందు గురించి మనం తీర్పు చెప్పలేము.

హఠాత్తుగా ఆపితే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తాళంకప్పల ఉపమానాన్ని మరల జ్ఞాపకం చేసుకోండి. నెలల తరబడి కప్పలన్నీ మూసి ఉన్నప్పుడు శరీరం ఊరకే కూర్చోదు. తన సందేశం గుండెకు చేరడం లేదని గ్రహించి కొత్త కప్పలను తయారు చేసుకుంటుంది. అనగా బీటా గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. మందు ఉన్నంతవరకు ఈ పెరుగుదల బయటపడదు. ఒక రోజు మందు ఆగిపోయినదనుకోండి. పాత కప్పలు, కొత్త కప్పలు అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. అడ్రినలిన్ ఎప్పటి మోతాదులోనే ఉన్నా గుండె దానికి మునుపటికన్నా అతిగా స్పందిస్తుంది. బిగించి పట్టిన పగ్గాన్ని ఒక్కసారిగా వదిలితే గిత్త ఎలా దూకుతుందో అటువంటి స్థితి అది.

అప్పుడు గుండె దడ, చెమటలు, వణుకు, తలనొప్పి రావచ్చు. రక్తపోటు ఒక్కసారిగా పైకి పోవచ్చు. గుండె రక్తనాళాలలో ముందే పూడిక ఉన్నవారికి ఛాతీనొప్పి, గుండెపోటు, ప్రమాదకరమైన లయభంగం కలుగవచ్చు. ఈ ప్రమాదం 1970లలోనే వైద్య పత్రికలకు ఎక్కినది. ఈ మందులతో పాటు వచ్చే సమాచార పత్రాలలో కూడా హఠాత్తుగా ఆపరాదనే హెచ్చరిక ఉంటుంది. మందు నిజంగా ఆపవలసి వస్తే వైద్యుడు మోతాదును మెట్లు దిగినట్లు, సాధారణంగా ఒకటి రెండు వారాలలో లేదా అంతకన్నా ఎక్కువ వ్యవధిలో, కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. ఆ కాలంలో బరువు పనులు తగ్గించమంటాడు.

"బీపీ నార్మల్‌కు వచ్చింది కదా" అనే వాదనలోని లోపం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ నార్మల్ మాత్ర తెచ్చినది. మాత్ర తీసివేస్తే ఆ నార్మల్ కూడా పోతుంది. ఇక బీటా బ్లాకర్ విషయంలో అది పాత స్థానానికి తిరిగి వచ్చి ఆగకుండా ఇంకా పైకి పోవచ్చు.

ఒక పూట మరచిపోతే భయపడనవసరం లేదు. జ్ఞాపకం వచ్చినప్పుడు వేసుకోవచ్చు. తరువాతి మోతాదు సమయం దగ్గరపడితే మరచినదానిని వదిలివేసి యథావిధిగా కొనసాగించాలి. రెండు మాత్రలు ఒకేసారి వేసుకోరాదు.

ఎవరు జాగ్రత్త వహించాలి?

ఊపిరితిత్తుల శ్వాసనాళాలలో కూడా బీటా గ్రాహకాలున్నాయి. అవి నాళాలను వెడల్పు చేస్తాయి. వాటిని మూసివేస్తే నాళాలు బిగుసుకోవచ్చు. కనుక ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ప్రొప్రనొలాల్ వంటివి వారికి ప్రమాదకరం. గుండె మీదనే ఎక్కువగా పనిచేసే బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ వంటివి కూడా వైద్యుని నిర్ణయం మీదనే వాడాలి.

నాడి మరీ నెమ్మదించినవారు మరొక వర్గం. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారి నాడి నిమిషానికి 60 నుండి 100 వరకు ఉండడం సాధారణం. ఈ మందు మీద అది 60కి కొంచెం దిగువకు రావడం తరచుగా జరిగేదే. 50 కంటే తగ్గినా, కళ్ళు తిరిగినా, స్పృహ తప్పినట్లు అనిపించినా ఆ రోజే వైద్యునితో మాట్లాడాలి. వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే మందులు కూడా గుండె వేగాన్ని తగ్గించేవే. రెండు వేర్వేరు వైద్యుల చీటీలలో ఇవి రెండూ కలిస్తే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుచేత ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా అన్ని మందులనూ వెంట తీసుకొని వెళ్ళాలి.

అలసట, చేతులు కాళ్ళు చల్లబడడం, నిద్రలో కలతకలలు, పురుషులలో దాంపత్య సంబంధమైన ఇబ్బంది కొందరిలో కలుగుతాయి. ఈ చివరి కారణం చేతనే కొందరు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానివేస్తారు. ఇంటివారికి కారణం తెలియదు, వైద్యునికీ తెలియదు. వైద్యుని ఎదుట ఆ మాట చెప్పడం సిగ్గుమాలిన పని కాదు. మోతాదు తగ్గించడమో, వేరొక మందు ఇవ్వడమో ఆయనకు సాధ్యమే. చెప్పకుండా మానివేసిన వ్యక్తిని మాత్రం ఆయన కూడా కాపాడలేడు.

చక్కెర వ్యాధి ఉన్నవారి విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు శరీరం దడ, వణుకు రూపంలో హెచ్చరిస్తుంది. బీటా బ్లాకర్ ఆ రెండు హెచ్చరికలనూ కప్పివేయగలదు. చెమట మాత్రం కప్పబడదు. కనుక ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడుతూ ఈ మందు కూడా వాడేవారికి అకారణంగా చల్లని చెమటలు పోస్తే దానిని అలసట అనుకోరాదు. వెంటనే చక్కెర పరీక్షించాలి.

రమజాన్ నెలలో

ఉపవాసాల నెలలో ఈ విషయాలన్నీ ఒకచోట కలుస్తాయి. మన తెలుగు రాష్ట్రాలలో ఉపవాస కాలం ఋతువును బట్టి సుమారు 12 నుండి 15 గంటలు ఉంటుంది. రోజుకు ఒకసారి వేసుకునే బీటా బ్లాకర్‌ను ఇఫ్తార్ వేళకో, సహరీ వేళకో మార్చుకోవడం చాలామందికి సాధ్యమే. రెండుసార్లు వేసుకునే మాత్రను ఆ రెండు వేళలకు సర్దవచ్చు. మూడుసార్లు వేసుకునేదైతే రోజంతా నెమ్మదిగా పనిచేసే రకానికి వైద్యుడు మార్చగలడు. ఈ మార్పు చేయవలసినది వైద్యుడే. చేయవలసిన సమయం కూడా నెలవంక కనిపించిన రాత్రి కాదు, కనీసం మూడు నాలుగు వారాల ముందు.

చక్కెర మందు కూడా వాడేవారు పగటిపూట చక్కెర పరీక్షించుకోవాలి. అది 70 కంటే తగ్గితే ఉపవాసం విరమించి వెంటనే తీపి తీసుకోవాలి. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పుతున్నట్లు అనిపించినా ఉపవాసం కొనసాగించరాదు. రోగికి ఉపవాసాన్ని ఇతర దినాలకు వాయిదా వేసుకునే సడలింపును దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోనే స్పష్టంగా ఇచ్చినది. గుండె బలహీనంగా ఉన్న మనిషి మాత్రలు మానివేసి ఉపవాసం ఉండడం ఆ సడలింపును గమనించకపోవడమే. ఎవరి స్థితి ఏమిటో అనుభవజ్ఞుడైన వైద్యుడు చెప్పాలి, ధార్మిక విషయంలో పండితుని అడగాలి. ఒకరి పని మరొకరి చేత చేయించరాదు.

ఇంటివారు చేయవలసినవి

ఈ బాధ్యత ఒక్క రోగిది కాదు. ఇంట్లో ఒకరు ఈ పనిని తీసుకోవాలి. ఈ వారమే మీ అబ్బా, అమ్మీ, దాదీల మందుల డబ్బా తెరచి చూడండి. పేరు చివర "లాల్" ఉన్న మాత్ర ఉంటే, దానిని ఎందుకు రాశారో మందుల చీటీ మీద వైద్యుని చేత రాయించండి. అట్టలో ఇంకా పది మాత్రలు ఉండగానే కొత్త అట్ట తెచ్చి పెట్టండి. ప్రయాణానికి వెళ్ళేటప్పుడు వెళ్ళే రోజులకన్నా నాలుగు మాత్రలు ఎక్కువగా, సామాను పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టండి. ధర అడ్డంకి అయితే మందు ఆపవద్దు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి జన ఔషధి దుకాణాలలో చౌకగా లభిస్తాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మందులు ఉచితంగా ఇస్తారు. అయితే అక్కడ మీ మందు కాక వేరొక మందు ఇస్తే, పాతది ఎలా తగ్గించాలో వైద్యాధికారిని అడిగిన తరువాతనే మార్చండి.

ఉప్పు తగ్గించడం, నడవడం, పొగ మానడం యథావిధిగా కొనసాగవలసినవే. ఊరగాయ, అప్పడం, దావతుల వంటకాలు చేతికి అందినంతకాలం ఏ మాత్ర అయినా సగం పనే చేస్తుంది. మోకాళ్ళ నొప్పికి ఎవరినీ అడగకుండా మందుల షాపులో కొని వేసుకునే నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచగలవు.

ఇంట్లో పెద్దవారెవరైనా "ఇక ఈ గోలీ మానేస్తాను" అంటే వారితో వాదించవద్దు. "మానేద్దాం, అయితే డాక్టరుగారిని అడిగి మెల్లగా మానేద్దాం" అని చెప్పండి. వారిని వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళేవరకు ఆ పూట మాత్ర ఇచ్చి, వారు మింగేవరకు పక్కన నిలబడండి.